ఈవేళ చేప లేదు

చేప తాజాదో కాదో చూడటం నాకు మా అమ్మ నేర్పింది. గోపాల్‌పూర్ నుంచి గంపలు ఎత్తుకుని బరంపురం వచ్చే జాలరి ఆడవాళ్ళు మా వీధిలో కేక వేస్తే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. కన్ను ఉబికి మెరుస్తుండాలి. మొప్ప ఎత్తి చూస్తే నెత్తురు రంగు కనపడాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. "వాసన వచ్చిందంటే అది చేప కాదురా, చేప పోయిన కబురు" అనేది. నేను చదివింది బీకాం. మూడు దశాబ్దాలుగా చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. డెబిట్లూ క్రెడిట్లూ నాకు తిండి పెట్టాయి గాని, ఆ తిండి రుచిగా ఉండటానికి పనికొచ్చింది అమ్మ చెప్పిన ఆ నాలుగు ముక్కలే. అవి పట్టుకుని 2019 ఆగస్టులో గ్రీసు దేశం పోయి, ఒక మంచి చేప కోసం మూడు రోజులు తిరిగాను. ఆ సంగతే ఇది.

మావాడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులకి అక్కడివాళ్ళంతా సముద్రం ఉన్నచోటికి పోతారట. "అమ్మా, నాన్నా, మీరూ రండి, గ్రీసులో నక్సోస్ అనే దీవికి పోదాం" అని టిక్కెట్లు పంపాడు. బ్యాంకు వాళ్ళు ఎల్‌ఎఫ్‌సీ మీద విదేశాలు చూసే రోజులు ఎప్పుడో పోయాయి కనుక, కొడుకు పంపిన టిక్కెట్టును కాదనలేదు. మా ఆవిడ మాత్రం ఒక మాట అడిగింది. "అక్కడ చేపలు దొరుకుతాయా?" ఆవిడ పుట్టిల్లు బారువ. సముద్రం ఘోష వినపడని చోట నిద్రపట్టడానికి ఆవిడకి పెళ్ళయ్యాక ఆరు నెలలు పట్టింది. "చుట్టూ సముద్రమే అమ్మా, చేపలు కాక ఏముంటాయి?" అన్నాడు వాడు. ఆ మాట మీదే బయలుదేరాం.

పిరేయస్ రేవులో ఓడ ఎక్కితే నక్సోస్ చేరటానికి అయిదు గంటల పైన పట్టింది. రేవులోకి వస్తూండగానే ఒక తిప్ప మీద పెద్ద పాలరాతి ద్వారబంధం ఒంటరిగా నిలబడి కనపడుతుంది. క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దంలో మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన అపోలో గుడి తాలూకు ద్వారం అది. గోడలు లేవు, గుడి లేదు, గుమ్మం ఉంది. చూడగానే నాకు మంజూరై సగంలో ఆగిపోయిన ఇళ్ళ అప్పులు గుర్తొచ్చాయి. ఉద్యోగ దోషం.

మేం దిగింది ఆగస్టు 10, శనివారం. మాకు శ్రావణ మాసం. శ్రావణంలో శుక్ర శనివారాలు మా ఆవిడ నీచు ముట్టదు. కాబట్టి ఆ రాత్రి బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నాం. నక్సోస్ బంగాళాదుంపకి గ్రీసు అంతటా పేరుంది. మర్నాడు ఆదివారం. రేవు పొడుగునా వరసగా భోజనశాలలు. వాటిని వాళ్ళు 'తవేర్నా' అంటారు. ప్రతి దాని ముందూ అద్దాల పెట్టెలో ఐసు పరచి, దాని మీద చేపలు పేర్చి, పక్కన నిమ్మకాయ ముక్కలు అలంకరించి ఉన్నాయి. ధర కిలోల్లో. మనం చేపను చూపిస్తే తూకం వేసి, వండి తెస్తారు. పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎర్రటి చిన్న చేపలు కిలో 60 యూరోలు అని రాసి ఉంది. అంటే అప్పటి లెక్కన 4,700 రూపాయల పైమాట. మావాడు "మీరు లెక్క వెయ్యకండి నాన్నా" అన్నాడు. లెక్క వెయ్యకుండా ఉండటం నా చేత కాదని వాడికి తెలుసు.

వెండి రంగు చేప ఒకటి చూపించాను. 'త్సిపూర' అన్నారు. బొగ్గుల మీద కాల్చి, ఆలివ్ నూనే నిమ్మరసమూ గిలక్కొట్టి పోసి తెచ్చారు. మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కొంచెంసేపు అలా ఉండిపోయింది.

"ఇది చెరువు చేపండీ."

"సముద్రం ఒడ్డున చెరువు చేప ఏమిటి?"

"ఏమో. మేత మేసిన చేప ఇది. కొవ్వు నాలిక మీద నిలబడుతోంది."

వడ్డించే కుర్రాడిని మావాడు ఇంగ్లీషులో అడిగాడు. "ఫ్రెస్కో, ఫ్రెస్కో" అన్నాడతను గుండె మీద చెయ్యి వేసుకుని. తాజాదే, తాజాదే అని. అది అబద్ధం కాదని తరవాత తెలిసింది. మా ఆవిడ చెప్పిందీ అబద్ధం కాదు. త్సిపూరనీ, 'లవ్రాకి' అనే మరో చేపనీ గ్రీసు వాళ్ళు సముద్రంలోనే వలల పంజరాలు కట్టి మేత వేసి పెంచుతారు. యూరప్‌లో ఈ రెండు చేపల పెంపకంలో గ్రీసుది పెద్ద చెయ్యి. పెట్టెలో అన్నీ ఒకే కొలత, ఒకే బరువు, అచ్చులో పోసినట్టు వరసగా ఉన్నాయి. మొప్పలు చూశాను గాని ఈ సంగతి గమనించలేదు. సముద్రం అచ్చులు పోసి ఇవ్వదు కదా.

ఇంకో సంగతి కూడా ఆ పూటే తెలిసింది. మెనూ కార్డులో కొన్ని పేర్ల పక్కన చుక్క గుర్తు ఉంది. కొన్నిటి పక్కన గ్రీకులో 'కత్' అని పొడి అక్షరాలు ఉన్నాయి. ఐసు గడ్డ కట్టించి నిలవ చేసిన సరుకైతే అలా గుర్తు పెట్టి తీరాలని అక్కడి చట్టం. మేం ఎంతో ఇష్టంగా తిన్న కలమారి వేపుడు పక్కన ఆ చుక్క బొద్దుగా కూర్చుని ఉంది. అడుగున సన్నక్షరాలు చదవకుండా సంతకం పెట్టిన ఖాతాదారులకి నేను ఎన్నిసార్లు సుద్దులు చెప్పానో!

సోమవారం తెల్లవారుజామున లేచి, భార్యా కొడుకుల్ని లేపి, పడవల రేవుకి తీసుకుపోయాను. పడవ ఒడ్డుకొచ్చే వేళకి నిలబడితే మంచి చేప దొరక్కపోదు. గోపాల్‌పూర్‌లో అయినా బారువలో అయినా అదే కదా దారి. నీలం రంగూ తెలుపు రంగూ వేసిన కొయ్య పడవలు కట్టేసి ఉన్నాయి. పసుపు పచ్చని వలలు కుప్పలుగా పడి ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. గాలి మాత్రం చెవులు తెగిపోయేలా వీస్తోంది. మా ఆవిడ నీళ్ళకేసి చూసి "ఇక్కడ పోటూ పాటూ లేనట్టున్నాయే" అంది. రాళ్ళ మీద తడి గుర్తు జానెడు కూడా లేదు. నిజమే, ఆ సముద్రంలో ఆటుపోట్లు లేవన్నంత తక్కువ.

చివరికి ఒక ముసలాయన కనపడ్డాడు. పడవలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. మావాడి ఇంగ్లీషు ఆయనకి రాదు. ఆయన గ్రీకు మాకు రాదు. ఇక వెనక్కి తిరుగుదామనుకుంటూంటే ఆయనే "దోయ్‌చ్?" అన్నాడు. మావాడి ముఖం విప్పారింది. 1960లో జర్మనీకీ గ్రీసుకీ కూలీల ఒప్పందం కుదిరాక ఎంతోమంది గ్రీకులు జర్మనీ ఫ్యాక్టరీల్లో పనికి పోయారట. ఈయనా అలా పోయి, కొన్నేళ్ళు యంత్రాల మధ్య గడిపి, సముద్రం కోసం తిరిగొచ్చేసినవాడే. నా తెలుగు మావాడు జర్మన్‌లోకి, ఆయన జర్మన్ తెలుగులోకి మార్చుతూండగా, గ్రీకు దీవిలో మా మాటలు సాగాయి. మన బరంపురంలో ఒకే వాకిట్లో మూడు భాషలు నడుస్తాయి కనుక నాకది ఏమంత వింతగా అనిపించలేదు.

ఆయన చెప్పింది విన్నాక, ఆగస్టులో గ్రీసు వచ్చి చేప అడగటమే మా తప్పని తేలింది. ఒకటి, ఆ గాలి. దాని పేరు మెల్తెమి. ఉత్తరం నుంచి జూలై, ఆగస్టు నెలల్లో రోజుల తరబడి వీస్తుంది. ఎండ కాస్తూనే ఉంటుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు, కాని చిన్న పడవ కదలలేదు. రెండోది, చంద్రుడు. రాత్రిపూట దీపాలు వెలిగించి, వెలుతురుకి మూగిన సన్న చేపల్ని చుట్టు వలతో పట్టే పడవలున్నాయి. 'గ్రిగ్రి' అంటారు. నిండు వెన్నెల్లో దీపానికి చేప రాదు. అందుకని పున్నమికి అటూ ఇటూ ఆ పడవలు సముద్రంలోకి పోవు. ఆ గురువారమే, ఆగస్టు 15న, పున్నమి. మూడోది, సముద్రం అడుగు దాకా ఊడ్చే పెద్ద ట్రాలర్లకి జూన్ నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం, చేప పిల్లలు ఎదిగే కాలం అని. మనకి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్నట్టే.

"మరి ఆ అద్దాల పెట్టెల నిండా ఉన్న చేపలు?" అన్నాను.

ఆయన భుజాలు ఎగరేశాడు. "వాటిలో కొన్నిటికి పాస్‌పోర్టు ఉండాలి" అన్నాడు. మావాడు అది తెలుగులో చెప్పేసరికి మా ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వు చూసి ఆయనా నవ్వాడు. తరవాత సలహా చెప్పాడు. ఫలానా చేప ఉందా అని అడగకూడదట. ఈవేళ ఏం పడ్డాయి అని అడగాలట. జవాబు పొడుగ్గా వస్తే లేచి వచ్చేయాలట.

ఈ యవ్వారం పాతదేనని ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో క్సెనార్కోస్ అనే హాస్య నాటకకర్త ఏథెన్సు చేపల బజారును వెక్కిరించాడు. చేపల మీద నీళ్ళు చల్లకూడదని అప్పట్లో చట్టం ఉండేదట, తాజాగా కనపడేలా మోసం చేస్తారని. ఒక చేపలవాడు ఏం చేశాడంటే, సరుకు ఎండిపోతున్న సమయంలో పక్కవాడితో ఉత్తుత్తి కొట్లాట పెట్టుకుని, దెబ్బ తగిలినట్టు చేపల మధ్య పడిపోయాడు. "అయ్యో, నీళ్ళు, నీళ్ళు" అని కేకలు. తోటివాడు కుండెడు నీళ్ళు తెచ్చి అతని మీద కాసిని పోసి, మిగతావన్నీ చేపల మీద పోశాడట! నాటకం పోయింది. ఆ ముక్కను ఆ తరవాతెప్పుడో అథెనేయోస్ అనే ఆయన తన పెద్ద పుస్తకంలో ఎత్తి రాసుకోబట్టి మనకి దక్కింది. ఆ చట్టం చేసినవాడెవడో గాని, నా మనిషి. ఆడిట్‌లో పనికొచ్చేవాడు.

ముసలాయన పక్కన ఇంకో పడవకి చోటు ఖాళీగా ఉంది. అది వాళ్ళ తమ్ముడి పడవట. యూరోపియన్ యూనియన్ వాళ్ళు చేపల వేట తగ్గించటానికి, లైసెన్సు వదులుకున్న జాలరులకి డబ్బిచ్చే పథకం పెట్టారు. చాలా ఏళ్ళపాటు దానికో షరతు ఉండేది. పడవ కూడా ఉండకూడదు. యంత్రం తెచ్చి పడవను పలకలు పలకలుగా నలగ్గొడితేనే డబ్బు. 1990ల నుంచి అలా వేల కొయ్య పడవలు పోయాయి. తాత చేతుల మీద తయారైన పడవను మనవడు దగ్గరుండి పగలగొట్టించాడు. "డబ్బు మంచిదే. తమ్ముడు ఇప్పుడు గదులు అద్దెకిస్తాడు" అన్నాడాయన, వల మీంచి తల ఎత్తకుండా.

నాకు ఇంకేం అడగాలో తోచలేదు. సబ్సిడీ కలిపి జాలరులకి పడవలు చేయించి ఇచ్చినవాణ్ణి నేను. సబ్సిడీ ఇచ్చి పడవలు పగలగొట్టించటం అదే వినటం.

మంగళవారం అద్దె కారులో దీవికి అవతలి వైపు, ముత్సూనా అనే చిన్న రేవుకి పోయాం. కొండల్లో కురుందం రాయి తవ్వి, తీగల మీద తొట్లు వేలాడదీసి అక్కడికి దింపి, ఓడలకెత్తేవారట. పట్టాలూ స్తంభాలూ తుప్పు పట్టి ఇంకా ఉన్నాయి. ఇప్పుడక్కడ నాలుగు తవేర్నాలు, కొన్ని పడవలు, చింతచెట్టు ఆకు కంటే సన్నటి ఆకుల చెట్లు, అంతే. ఒక తవేర్నాలో అరవై ఏళ్ళ ఆవిడ బల్లలు తుడుస్తోంది. ముసలాయన చెప్పిన పాఠం ప్రకారం మావాడు "ఈవేళ ఏం పడ్డాయి?" అని అడిగాడు. ఆవిడ చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టి, సముద్రం కేసి చూపించి, తల పైకెత్తి నాలికతో చప్పుడు చేసింది. గ్రీకువాళ్ళకి కాదు, లేదు అంటే అదీ గుర్తు. "ఈవేళ చేప లేదు" అంది. మావాడు తర్జుమా చెయ్యకుండానే నాకు తెలిసింది.

తెలియటం ఏమిటి, ఆ మాట నేను అంతకు ముందోసారి విన్నాను.

1999లో నేను గోపాల్‌పూర్ ప్రాంతపు ఒక శాఖలో ఫీల్డ్ ఆఫీసరుని. మన పాఠకుల్లో గంజాం వాళ్ళకి చెప్పనక్కరలేదు, ఆ ఒడ్డున వల వేసేవాళ్ళు చాలామంది తెలుగువాళ్ళే. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. నేను తెలుగువాణ్ణి కావటం వల్ల వాళ్ళకీ నాకూ చనువు. వాళ్ళలో ఒకామె మా ఇంటికి చేపలు తెచ్చేది. మేం అప్పా అనేవాళ్ళం. వాళ్ళాయన పడవకి అప్పు మా శాఖదే, కాగితాలు నా చేతి మీద తయారైనవే. పడవల ఇన్సూరెన్సు ఏటా మేమే కట్టి, ఆ సొమ్ము వాళ్ళ ఖాతాల్లో ఖర్చు రాసేవాళ్ళం. ఆ ఏడు సెప్టెంబరులో నాలుగు పాలసీలకి గడువు తీరింది. అర్ధ సంవత్సరపు లెక్కల హడావిడి. వచ్చే వారం చూద్దాంలే అని రిజిస్టరు మూసేశాను. అక్టోబరు 17 రాత్రి తుపాను గంజాం మీద పడింది. పన్నెండు రోజులకి, 29న, మహా తుపాను వచ్చింది కాబట్టి లోకం మా తుపానుని మరిచిపోయింది. నేను మరవలేదు. ఆ నాలుగు పడవల్లో మూడు దక్కాయి. అప్ప వాళ్ళది చెక్కలు చెక్కలైంది.

నష్టం జరిగిన నాటికి పాలసీ అమలులో లేదు అని ఫైల్లో నోటు రాశాను. రాసినదంతా నిజమే. ఎందుకు లేదో రాయలేదు. ఆమె ఒకసారి శాఖకి వచ్చి కౌంటరు అవతల నిలబడింది. "బాబూ, ఏటేటా మా పుస్తకంలో ఇన్సూరెన్సు సొమ్ము కోసుకునేవోరు కదా, ఈ ఏడు కోసుకోలేదా?" అంది. "చూస్తానప్పా" అన్నాను. అంతకంటే నేను చేసింది ఏమీ లేదు. ఆ తరవాత ఆమె మా గుమ్మంలోకి రాలేదు. ఒకనాడు బస్టాండులో ఎదురైతే, ఏమీ జరగనట్టే "ఏం తెచ్చావప్పా?" అన్నాను. గంప మీద తడి గోనె కప్పి ఉంది. గోనె కింద నుంచి గులివిందల ఎర్రటి తోకలు కనపడుతున్నాయి. "ఈవేళ చేప లేదు బాబూ" అంది. ఆ ఖాతా 2008 రుణమాఫీలో కొట్టుకుపోయిందని చాలా కాలానికి విన్నాను. అప్పటికి నేను వేరే జిల్లాలో మేనేజర్ని.

ముత్సూనా ఆవిడ మమ్మల్ని ఊరికే పంపలేదు. కలమారి ఉంది గాని అది ఐసుదని, మేం అడక్కుండానే చెప్పింది. సెనగలు నూనెలో ఉడికించినవీ, దుంపల వేపుడూ పెట్టింది. తాడు మీద ఆరేసిన ఆక్టోపస్ కాల్చి ఇచ్చింది. ఆగస్టు 1 నుంచి 14 దాకా వాళ్ళకి మేరీమాత పండగ ముందరి ఉపవాసాలు. మాంసం, గుడ్లు, పాలు కూడదు. చేపా కూడదు, 6వ తేదీన పండగ గనుక ఆ ఒక్కరోజు తప్ప. ఆక్టోపస్‌కీ రొయ్యకీ నెత్తురు లేదని వాటికి మాత్రం అభ్యంతరం లేదట. "వీళ్ళకీ శ్రావణమేనన్నమాట" అని మా ఆవిడ సంబరపడింది. కార్తీకంలో ఆఖరి అయిదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని మన ఒడిశాలో బక పంచకం అంటారే, అది ఆ గ్రీకు ఆవిడకి చెప్పించింది. మూడు భాషలు దాటి ఆ కొంగ ఏ రూపంలో చేరిందో గాని, ఆవిడ పడీపడీ నవ్వింది. గాలి ఈ రాత్రి తగ్గేలా ఉంది, రేపు రమ్మంది.

వెనక్కి వస్తూ కొండదారిలో, ఎందుకో, అప్ప వాళ్ళ పడవ సంగతి మా ఆవిడకి చెప్పాను. ఇరవై ఏళ్ళుగా చెప్పనిది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ "నాకు తెలుసు. ఆవిడే చెప్పింది అప్పట్లో" అంది.

"మరి నాతో అనలేదేం?"

"మీరే చెబుతారని చూశాను."

మావాడు గేరు మార్చాడు. ఎవరమూ ఇంకేం మాట్లాడలేదు.

బుధవారం పొద్దున్నకి గాలి నిజంగానే పడిపోయింది. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. మేం చేరేసరికి తవేర్నా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడకి మాత్రం చెయ్యి ఊపింది, లోపలికి రమ్మని. సాయంత్రం వేసి తెల్లవారి తీసిన వల అట. ఒడ్డున రాళ్ళ దగ్గర అడుగు దాకా దింపే వల కనుక దానికి వెన్నెలతో పని లేదు. పడిందంతా ఒక ప్లాస్టిక్ తొట్టిలో ఉంది, నాలుగు కిలోలు కూడా ఉండదు. ఒక్కటి ఒక్కలా లేదు. ముళ్ళ తలకాయతో భయపెట్టే ఎర్ర చేపలు రెండు, 'గోపా' అనే పెద్ద కళ్ళ చవక చేపలు కొన్ని (గోపాల్‌పూర్ వాళ్ళకి గోపా దొరకటం న్యాయమే అన్నాడు మావాడు), వాటి కింద గుప్పెడు ఎర్రని చిన్న చేపలు. మా ఆవిడ ఒకదాన్ని తీసి, గడ్డం కింద వేలు పెట్టి, రెండు మీసాలు పైకి లాగింది.

"గులివిందలండీ ఇవి!"

వాళ్ళు బర్బూని అంటారు. అద్దాల పెట్టెలో 60 యూరోల ధర పలికింది వీటి జాతే. మన గులివిందకి స్వయానా చుట్టం, ఒకే కుటుంబం, ఆ మీసాలే సాక్ష్యం. ఇసుకలో మేత వెతుక్కోవటానికి వాటికి ఆ మీసాలు. మా ఆవిడ మొప్ప ఎత్తింది. కన్ను చూసింది. నొక్కింది. వాసన చూసింది. గ్రీకు ఆవిడ చేతులు నడుం మీద పెట్టుకుని, బడి పంతులమ్మ పిల్ల చేత ఎక్కం అప్పజెప్పించుకుంటున్నట్టు చూస్తూ నిలబడింది. చివర్లో మా ఆవిడ తల ఊపితే, ఆవిడా తల ఊపి, తక్కెడలో వేసింది. కిలో 45 యూరోలు. నేను లెక్క వెయ్యలేదు.

ఊరివాళ్ళకి ఉపవాసం ఆఖరి రోజు. అందుకే ఆ కాసిని చేపలూ మాకు దక్కాయి. గులివిందలకి పిండి అద్ది ఆలివ్ నూనెలో వేయించింది. ముళ్ళ తలల చేపల్ని ఉల్లిపాయలతో, దుంపలతో పెద్ద గిన్నెలో ఉడికించి, నిమ్మకాయ పిండింది. కకవియా అంటారు. కకావి అంటే వాళ్ళకి కుండ. జాలరులు పడవ మీద, అమ్ముడుపోని చేపలతో వండుకునే పులుసది. మా ఆవిడ చేతిసంచిలో కారం పొట్లం ఉంది. మా ఇంట్లో వాళ్ళు కాశీకి పోయినా కారం పొట్లం లేకుండా పోరు. దాన్ని తీసి, కాసేపు పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది. చేపలు వేళ్ళతో ఒలుచుకుని తిన్నాం. ముల్లు నుంచి కండ తెల్లగా, తుంచితే పొరలు పొరలుగా వచ్చింది. తలకాయలు కూడా వదలలేదు. మాట్లాడకుండా తిన్నాం. పక్క బల్ల దగ్గర ఉన్న దంపతులు, ఫ్రాన్సు వాళ్ళనుకుంటాను, కత్తులూ ఫోర్కులూ ఆపి మమ్మల్ని చూశారు. "బాగుంది. కాని ఇందులో చింతపండు పడాలి" అంది మా ఆవిడ ఆఖరికి. అది ఆవిడ ఇచ్చే పెద్ద సర్టిఫికెట్టు.

గురువారం పున్నమి. వాళ్ళకి పండగ, బళ్ళూ అంగళ్ళూ మూత, గంటలూ ఊరేగింపులూ. మనకి రాఖీ, గమ్హా పున్నమి, స్వాతంత్ర్య దినం. శుక్రవారం ఓడ ఎక్కేశాం.

బరంపురం వచ్చాక సెప్టెంబరులో ఒక ఆదివారం, సాయంత్రం వేళ, మేమిద్దరం గోపాల్‌పూర్ పోయాం. లైట్‌హౌసు కింద, జాలరి వీధి మొదట్లో, నలుగురైదుగురు ఆడవాళ్ళు గోనెలు పరచుకుని కూర్చున్నారు. మూడో ఆమె అప్పే. జుట్టు ముగ్గుబుట్టయింది. చెవులకి ఆ పాత కమ్మలే. నన్ను చూసిందో లేదో తెలీదు. చూసినా మా ఆవిడ వైపే తిరిగింది. ముందు కానాగంతలు పోసి ఉన్నాయి. నీలం చారలతో నాకు బాగానే కనపడ్డాయి. మా ఆవిడ వంగి ఒకటి అందుకోబోతే, అప్ప చేత్తో అడ్డం పెట్టింది.

"నిన్నటివమ్మా. ఐసుయి. మీకొద్దు."

నేను ఏదో అనబోయాను. "అప్పా, ఆ పడవ సంగతి..." అని మొదలుపెట్టాను కూడా. ఆమె ఈగలు తోలుతూ, నా కేసి కాక చేపల కేసే చూస్తూ, "ఎప్పటి మాట బాబూ. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది" అంది. అని, మా ఆవిడతో "రేపు పొద్దున్నే రండి. మావోడు ఈ రాత్రికి పోతాడు" అంది.

సోమవారం బ్యాంకుకి సెలవు పెట్టి తెల్లారకుండా వెళ్ళాం. రాత్రి గాలి తిరిగిందట, పడవలు ఒడ్డు మీదే ఉన్నాయి. అప్ప గోనె పరిచిన చోట ఎవరూ లేరు. కాసేపు నిలబడి, దారిలో ఆనపకాయ కొనుక్కుని ఇంటికి వచ్చాం.